ఆకారానికి ఓడ అక్కర్లేదు

మన అండమాన్‌లోని జంగ్లీఘాట్ రేవులో ఒకసారి నేను చూసిన పడవ సంగతితో మొదలుపెడతాను. వలలు సరిచేసి ఉన్నాయి. డీజిల్ పోసి ఉంది. ఇంజిన్‌కి ఏ జబ్బూ లేదు. పడవ మాత్రం మూడు వారాలుగా తాడుకి కట్టేసి ఉంది. ఎందుకంటే ఇంజిన్‌ని చల్లబరచడానికి సముద్రపు నీటిని తోడే పంపు ఒకటి ఉంటుంది, ఆ పంపులో గిరగిరా తిరిగే చిన్న చక్రం ఒకటి ఉంటుంది. ఇంపెల్లర్ అంటాం. అరచేతిలో ఇమిడిపోతుంది. దాని రెక్కలు ఉప్పునీటికీ ఇసుకకీ అరిగిపోయాయి. కొత్తది చెన్నై నుంచి రావాలి. చెన్నైలో దొరకలేదు, కొట్టువాడు ఇంకో ఊరికి రాశాడు. అక్కడి నుంచి చెన్నైకి, చెన్నైలో ఓడ ఎక్కి ఇక్కడికి.

ఆ పడవ యజమానిది మా పక్క ఊరే, శ్రీకాకుళం జిల్లా తీరం. నన్ను చూసి ఒకే మాట అన్నాడు: "బాబూ, సముద్రంల సేపుంది, ఇంటికాడ అప్పుంది. మద్దెన ఈ ముక్క లేదు."

ఆ ముక్క గురించే ఈ రోజు మాట్లాడతాను. కంప్యూటర్ మీద వస్తువుని గీయడం, ఆ గీతని చూసి యంత్రమే వస్తువుని తయారుచేయడం, ఈ రెంటినీ కలిపి క్యాడ్, క్యామ్ అంటారు. కార్ల కంపెనీలకీ విమానాల ఫ్యాక్టరీలకీ సంబంధించిన విద్య అని చాలామంది అనుకుంటారు. నా నమ్మకం వేరు. ఈ విద్య అవసరం పెద్ద నగరానికన్నా ద్వీపానికే ఎక్కువ. హైదరాబాద్‌లో బేరింగ్ పగిలితే బాలానగర్‌లో సాయంత్రానికి ఇంకోటి దొరుకుతుంది. మనకు అలా కాదు. విశాఖపట్నం నుంచి శ్రీ విజయపురానికి, మొన్నమొన్నటి దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరికి, సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. ఓడకి రెండు రాత్రులు దాటుతుంది. ఇక్కడి నుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే మళ్లీ 500 కిలోమీటర్ల పైమాటే. మన దగ్గర ఇటుక దగ్గర నుంచి ఇంజిన్ దాకా అన్నీ సముద్రం దాటి వచ్చినవే. సెల్యులర్ జైలు కట్టడానికి ఇటుకలు బర్మా నుంచి ఓడల్లో తెచ్చారు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేశారు. నూట ఇరవై ఏళ్లు గడిచాయి. ఇంపెల్లర్ కోసం ఇప్పటికీ ఓడ వైపే చూస్తున్నాం.

ఒక్క క్షణం ఆలోచించండి. ఆ ఇంపెల్లర్‌లో మనకు నిజంగా లేనిది ఏమిటి? లోహమా? రేవు వెనకాల పాత గన్‌మెటల్ ముక్కలు బస్తాల్లో ఉన్నాయి. కరిగించే కొలిమా? పెట్టుకోవడం పెద్ద పని కాదు. లేత్ మెషీనా? ఊళ్లో ఉన్నాయి. లేనిది ఒక్కటే, దాని ఆకారం. రెక్క ఎంత వంపు తిరిగింది, మధ్య రంధ్రం ఎంత, అంచుకి, పంపు గోడకి మధ్య సందు ఎంత అన్నది. ఆ నాలుగు కొలతల కోసమే మనం మూడు వారాలు ఆగుతున్నాం. ఆకారానికి బరువు లేదు. దానికి ఓడ అక్కర్లేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్తాను. నా చిన్నతనంలో పడవలు కట్టే వడ్రంగి తాత ఒకాయన ఉండేవాడు. డోంగీ కట్టేటప్పుడు ఆయన దగ్గర కాగితం ఉండేది కాదు. సన్నగా చీల్చిన వెదురుబద్ద ఒకటి ఉండేది. అడుగుదూలం వేసి, రెండు మూడు చోట్ల పక్కచెక్కలు నిలబెట్టాక, ఆ బద్దని అణియం నుంచి అమరం దాకా వాటి మీదుగా వంచి కట్టేవాడు. దూరంగా వచ్చి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఎక్కడైనా బద్ద గూని పడ్డట్టుంటే ఆ పక్కచెక్కని బాడిసతో చెక్కేవాడు. "తాతా, ఆ బద్దెందుకు?" అని అడిగాను. "పలక ఎక్కడెక్కడ ఒంగుతాదో ఇది ముందుగాల సెప్తాది. బద్ద ఒప్పుకోని ఒంపుకి పలకా ఒప్పుకోదు," అన్నాడు.

తర్వాత చాలా ఏళ్లకి, ఇంజినీరింగ్ పుస్తకంలో 'స్ప్లైన్' అనే మాట చదివాను. కంప్యూటర్‌లో ఏ వంపు గీయాలన్నా, కారు బానెట్ అయినా సీసా మెడ అయినా ఓడ కడుపు అయినా, ఆ స్ప్లైన్ గణితమే పనిచేస్తుంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? పడవలు గీసేవాళ్ల దగ్గర నుంచే. ఐరోపా ఓడల రేవుల్లో నమూనా గీసేవాళ్లు సన్నని చెక్కబద్దని కాగితం మీద వంచి, అది కదలకుండా సీసపు బరువులు పెట్టి, దాని వెంట గీత గీసేవారు. ఆ బద్ద పేరు స్ప్లైన్. 1946లో షోన్‌బర్గ్ అనే గణితవేత్త ఆ బద్ద వంగే తీరుని సమీకరణాల్లో పెడుతూ దాని పేరే వాటికి పెట్టాడు. 1959లో ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కార్ల కంపెనీలో ద కాస్టెల్‌జో, ఆ తర్వాత రెనో కంపెనీలో బెజియే, కారు ఒంటి వంపుల్ని లెక్కలుగా మార్చే దారులు కనిపెట్టారు. వాళ్ల లెక్కలూ స్ప్లైన్ గణితమూ కలిసి ఇప్పటి క్యాడ్ అయ్యాయి.

ఈ సంగతి చదివిన రోజు తాత గుర్తుకొచ్చాడు. ఆయన చేతిలోని వెదురుబద్దా, కంప్యూటర్ తెర మీద కదిలే గీతా ఒక్కటే. నేను ఇక్కడి పిల్లలకి క్యాడ్ నేర్పేటప్పుడు మొదటి రోజు కంప్యూటర్ తెరవను. వెదురుబద్ద తెచ్చి, మూడు మేకుల మధ్య వంచి చూపిస్తాను. ఒక మేకుని కాస్త జరిపితే బద్ద మొత్తం ఎలా సర్దుకుంటుందో చూడమంటాను. తెర మీద మౌసుతో చుక్కని జరిపినప్పుడు జరిగేది అదే. మన తాతల చేతి విద్య అందులో ఉందని తెలిస్తే పిల్లవాడికి ఆ యంత్రం ముందు బెదురుండదు.

పెద్ద ఓడల సంగతి చూస్తే, ఒకప్పుడు ఓడల కర్మాగారంలో మైదానమంత హాలు ఒకటి ఉండేది. నేల మీద ఓడ గీతల్ని అసలు సైజులోనే గీసేవారు. మోకాళ్ల మీద పాకుతూ, సుద్దతో, బద్దలతో. ఆ గీత మీద పలచని చెక్కతో అచ్చులు కోసి, ఆ అచ్చులు ఇనుప పలకల మీద పెట్టి కోసేవారు. 1960లలో నార్వేలో 'ఆటోకాన్' అనే ప్రోగ్రాం తయారైంది. ఆ హాలు పనంతా కంప్యూటర్‌లో చేసి, పలకలు కోసే గ్యాస్ కట్టర్‌ని నేరుగా నడిపించింది. అంటే క్యాడ్, క్యామ్ చేయి చేయి కలుపుకుని మొదట నడిచిన చోట్లలో ఓడల రేవు ఒకటి. అటువైపు అమెరికాలో పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కల వంపు కోసం పడ్డ తంటాల్లోంచి, 1952లో ఎం.ఐ.టి.లో అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగ్ మెషీన్ వచ్చింది. ఇప్పుడు మనం సీఎన్‌సీ అనేది దాని సంతానమే.

మన విశాఖలో, 1941లో మొదలైన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌ని తలుచుకోకుండా ఓడల మాట ముగించలేను. 1948లో 'జల ఉష' నీళ్లలోకి దిగింది అక్కడే. మనల్ని ఏళ్ల తరబడి అటూ ఇటూ మోసిన 'స్వరాజ్ ద్వీప్' ఓడ కట్టింది కూడా అక్కడే, 1990ల చివర. హేవ్‌లాక్ దీవికి ఆ పేరు పెట్టింది 2018 డిసెంబరులో. ఓడకి దీవికన్నా ముందే ఆ పేరుంది. ఆ ఓడ డెక్ మీద దుప్పటి పరుచుకుని పడుకున్న వాళ్లు ఈ ప్రసంగం వింటుంటారు. మీ తలకింద ఉన్న ఇనుపపలక ఉత్తరాంధ్ర వెల్డర్ చేతిమీదుగా వచ్చినదే.

విశాఖలోనే నౌకాదళానికి పరిశోధన చేసే ఎన్.ఎస్.టి.ఎల్. ఉంది. 1969లో పెట్టారు. అక్కడ 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతు ఉన్న నీటి తొట్టి ఒకటుంది. ఓడ కట్టకముందే దాని చిన్న నమూనా చేసి, ఆ తొట్టిలో లాగి, నీరు ఎంత అడ్డుపడుతుందో కొలుస్తారు. నమూనా ఒక్క మిల్లీమీటరు తేడాగా వచ్చినా, పెద్ద ఓడ దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా ఎన్నో రెట్లు పెరుగుతుంది. వస్తువుని తయారుచేయకముందే దాని తప్పుల్ని తెలుసుకోవడం ఈ విద్యలో పెద్ద లాభమని నా అభిప్రాయం. కంప్యూటర్‌లోని బొమ్మని పది సార్లు మార్చినా ఒక్క పలక వృథా కాదు.

ఇక ఇంపెల్లర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నేనూ తిన్నాను.

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక వర్క్‌షాపులోకి ఇలాంటి పాత ఇంపెల్లరే వచ్చింది. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. మేమే చేస్తామన్నాం. వెర్నియర్ పెట్టి ప్రతి అంచూ కొలిచాం. చెక్కతో అచ్చు చేశాం, పోత పోశాం, లేత్ మీద తిప్పి నునుపు చేశాం. పాతదాని పక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. పడవకి బిగించారు. రేవు దాటి గంట కాకముందే ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. గాలి లేని రోజు కాబట్టి సరిపోయింది. ఇంకో పడవ వెళ్లి లాక్కొచ్చింది.

తప్పెక్కడ? మేము కొలత తప్పుగా తీయలేదు. కొలత సరిగ్గా తీశాం, అరిగిపోయిన వస్తువుని కొలిచాం. ఇంపెల్లర్ మెడకీ, పంపు లోపలి రింగుకీ మధ్య సందు పావు మిల్లీమీటరు, మహా అయితే అర మిల్లీమీటరు లోపు ఉండాలి. ఏళ్ల తరబడి ఇసుక నీళ్లు నడిచి, ఇటు మెడ సన్నబడింది, అటు రింగు వెడల్పయింది. మేము ఆ సన్నబడ్డ మెడనే ఎంతో శ్రద్ధగా మళ్లీ చేశాం. సందు మిల్లీమీటరు దాటింది. పంపు తోసిన నీళ్లలో చాలా భాగం ఆ సందులోంచి మళ్లీ వెనక్కే వచ్చాయి. కొత్త లోహంతో పాత రోగాన్ని పోతపోశామన్నమాట.

ఆ రోజు నేర్చుకున్నది నన్ను ఇప్పటికీ వదల్లేదు. వస్తువుని కొలవడం వేరు, వస్తువు చేసినవాడు ఏం అనుకున్నాడో తెలుసుకోవడం వేరు. ఇప్పుడు లేజర్ స్కానర్లు వచ్చాయి. పాత భాగం చుట్టూ తిప్పితే లక్షల చుక్కలతో దాని రూపాన్ని కంప్యూటర్‌లో నిలబెడతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ స్కానర్‌కి అరుగుదల ఏదో, అసలు ఆకారం ఏదో తెలియదు. రెండింటినీ ఒకే నమ్మకంతో చూపిస్తుంది. మనిషి కూర్చుని ఆలోచించాల్సింది అప్పుడే.

ఎలా ఆలోచించాలో ఉదాహరణ చెప్తాను. ఇంపెల్లర్‌కి ఆరు రెక్కలున్నాయి. స్కాన్ చేస్తే ఆరూ ఆరు రకాలుగా కనిపిస్తాయి, ఒకటి ఎక్కువ అరిగింది, ఒకటి తక్కువ అరిగింది. చేసినవాడు మాత్రం ఆరింటినీ ఒకేలా చేసుంటాడు. కాబట్టి ఆరింటిలో తక్కువ అరిగినదాన్ని ఎంచుకోవాలి. దాని కొన అరిగి ఉంటుంది, మొదలు మాత్రం చాలావరకు చెక్కుచెదరదు. మొదటి నుంచి వంపుని పట్టుకుని, బద్దని సాగదీసినట్టు కొన దాకా సాగదీయాలి. వడ్రంగి తాత బద్ద ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. ఆ ఒక్క రెక్కని సరిచేశాక, దాన్నే 60 డిగ్రీలకోసారి తిప్పి ఆరు చేయమని కంప్యూటర్‌కి చెప్పాలి. మధ్య రంధ్రం కొలవాలంటే ఇంపెల్లర్‌ని కాదు, షాఫ్ట్‌ని కొలవాలి, అది కూడా అరగని చోట. మెడ సైజు కావాలంటే పంపు రింగుకి కొత్త బుష్ వేసి, ఆ బుష్ కొలత నుంచి సందు తీసేసి లెక్క కట్టాలి.

ఇంతా అయ్యాక కూడా బొమ్మ ఉన్నది ఉన్నట్టుగా పోతకి పనికిరాదు. గన్‌మెటల్ చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది, మీటరుకి 10 నుంచి 16 మిల్లీమీటర్ల దాకా. అందుకని అచ్చుని ఆ మేరకు పెద్దది చేయాలి. లేత్ మీద తిప్పాల్సిన చోట రెండు మూడు మిల్లీమీటర్లు అదనంగా ఉంచాలి. ఇసుకలోంచి అచ్చు విరగకుండా పైకి రావడానికి గోడలకి కొంచెం వాలు ఇవ్వాలి. పాతకాలంలో ప్యాట్రన్ చేసే వడ్రంగి ఇవన్నీ మనసులో పెట్టుకుని చెక్కేవాడు. ఆయన దగ్గర కుంచింపు కలిపి గీసిన ప్రత్యేకమైన స్కేలు ఉండేది. ఇప్పుడు క్యాడ్‌లో ఈ అంకెలు మారిస్తే బొమ్మ తనంతట తాను మారుతుంది. ఆ అచ్చుని చెక్కతో చెక్కించనక్కర్లేదు. బల్ల మీద పెట్టుకునే 3డి ప్రింటర్ ప్లాస్టిక్‌తో రాత్రికి రాత్రి పోసి ఇస్తుంది. తెల్లారి ఇసుకలో అచ్చు వేసి పోత పోయవచ్చు.

లోహం సంగతి కూడా చెప్పాలి. ఓడల పనిలో పేరుపొందిన పాత గన్‌మెటల్‌లో 88 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరం, 2 పాళ్లు జింకు. అది దొరకలేదని మామూలు ఇనుముతో చేసి గన్‌మెటల్ పంపులో పెడితే, ఉప్పునీళ్లలో ఆ రెండు లోహాల మధ్య కరెంటు పుట్టి ఇనుము కరిగిపోతుంది. ప్లాస్టిక్ అచ్చునే నేరుగా పంపులో బిగిద్దామని కుర్రాళ్లు సరదాపడతారు. వద్దు. వేడికి మెత్తబడే ప్లాస్టిక్‌ని ఇంజిన్ ప్రాణం మీద పెట్టకూడదు. కంప్యూటర్ ఆకారాన్ని ఇస్తుంది. సముద్రానికి ఏ లోహం తట్టుకుంటుందో సముద్రం మీద బతికినవాడే చెప్పాలి.

ఇదంతా ఊహ కాదు. హైదరాబాద్‌లో మొదలైన థింక్‌3డి అనే సంస్థ మన నౌకాదళంతో కలిసి ఓడల విడిభాగాల్ని 3డి ప్రింటింగ్‌లో చేసి ఇచ్చింది. వాటిలో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? పంపు ఇంపెల్లరే. నౌకాదళానికి వచ్చిన కష్టమూ జంగ్లీఘాట్ మత్స్యకారుడి కష్టమూ ఒకటేనన్నమాట. ఓడ నడిసముద్రంలో ఉంటే కొట్టు దగ్గర్లో ఉండదు. మన దీవులు కూడా కదలని ఓడల్లాంటివే.

పెద్ద పనులకి ఈ విద్య ఇక్కడికి ఎప్పుడో వచ్చింది. నౌకాదళం కోసం చెన్నై దగ్గర కట్టుపల్లిలో కట్టి, 2017 జూన్‌లో నీళ్లలోకి దించిన తేలే డాక్ మన దీవుల కోసమే. 185 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు, 8000 టన్నుల ఓడని నీళ్లలోంచి పైకెత్తగలదు. ఇక్కడ రేవులో కట్టలేనిదాన్ని అక్కడ కట్టి, సముద్రం మీద తీసుకొచ్చారు. 2023 జులైలో తెరిచిన మన విమానాశ్రయం కొత్త టెర్మినల్ శంఖం ఆకారంలో ఉంటుంది. అలాంటి వంపుల కట్టడంలో ఇనుప దూలాలన్నీ ఒకే కొలతలో ఉండవు. కంటి అంచనాతో అక్కడికక్కడ కోసి అతికించే పని కాదది. పెద్దవాళ్ల పనికి దారి దొరికింది. చిన్న పడవకి దొరకలేదు. నా బాధ అదే.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత పడవలు పోయిన ఇళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పోయిన చెక్క పడవల స్థానంలో చాలాచోట్ల ఫైబర్ పడవలు వచ్చాయి. తొందరలో కట్టిన పడవల్లో నాసిరకానివి ఎన్నో ఉన్నాయని హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల నుంచి అప్పట్లో ఫిర్యాదులొచ్చాయి. ఫైబర్ పడవలో ఒక సంగతుంది. చెక్క పడవ ఒక్కొక్కటీ విడిగా పుడుతుంది, ఒకదాని తప్పు ఇంకోదానికి అంటదు. ఫైబర్ పడవ మూసలోంచి వస్తుంది. మూసలో వంపు తప్పితే, ఆ మూసలో పుట్టిన వందో పడవా అదే తప్పుతో కెరటానికి ఎదురెళ్తుంది. మూస సరిగ్గా ఉంటే వంద కుటుంబాలు సుఖంగా ఉంటాయి. అందుకే మూసకి మూలమైన మొదటి దిమ్మెని క్యాడ్‌లో గీసి, బరువూ నిలకడా లెక్క చూసి, సీఎన్‌సీ మీద కోయించాలని నేను గట్టిగా చెప్తాను. నికోబారీ సోదరులు పక్కన తేలుడు చెక్క కట్టి నడిపే హోడి ఎంత నిబ్బరంగా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. అలాంటి పడవల గీతల్ని, కట్టే పెద్దల అనుమతితో, వాళ్లు పక్కనుండి చెప్తుండగా కొలిచి దాచాలి. కట్టిన చేతులు పోయాక ఆ గీతలు మళ్లీ దొరకవు. మా వడ్రంగి తాత డోంగీ గీతలు ఎక్కడా లేవు.

చెక్క మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. చాథమ్ కోత మిల్లు 1883 నుంచి ఉంది. 2002 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత ఇక్కడి అడవుల్లో చెట్టు కొట్టడం బాగా తగ్గింది, తగ్గాలి కూడా. పడౌక్ పలక ఇప్పుడు బంగారం లాంటిది. దర్జీ గుడ్డ పరిచి, ముక్క వృథా కాకుండా సుద్దతో గీసుకున్నట్టే, పలక మీద ఏ భాగం ఎక్కడ కోస్తే తరుగు తగ్గుతుందో కంప్యూటర్ సర్ది చూపిస్తుంది. కుర్చీలు, కిటికీలు చేసే మన వడ్రంగులకి ఇది రేపటి నుంచే పనికొస్తుంది.

ఆకారం ఓడ లేకుండా రావాలంటే దారి కావాలి కదా. ఆ దారి 2020 ఆగస్టు 10న తెరుచుకుంది. చెన్నై నుంచి శ్రీ విజయపురానికి, ఇక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ల దాకా సముద్రం అడుగున సుమారు 2300 కిలోమీటర్ల కేబుల్ వేశారు. అంతకుముందు ఒక పెద్ద బొమ్మ ఫైలు రావాలంటే రాత్రంతా కూర్చున్నా సగంలో తెగిపోయేది. ఇప్పుడు విశాఖలో గీసిన ఇంపెల్లర్ బొమ్మ క్యాంప్‌బెల్ బేలో టీ తాగేలోగా దిగుతుంది. ఆ దారి మీద ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నవి సినిమాలు. సినిమాలు చూడండి, తప్పులేదు. ఆ దారిలోనే పంపు రెక్కలు కూడా రావాలి.

మరి ఏం చేయాలి? నా మనసులో ఉన్నది విడిభాగాల గీతల ఖజానా. మన దీవుల్లో నడిచే పడవలు, పంపులు, జనరేటర్లు, ఐస్ ఫ్యాక్టరీ యంత్రాలు, వీటిలో తరచుగా పోయే భాగాలు ఎన్నో లేవు. లెక్కవేస్తే కొన్ని వందలే వస్తాయని నా అనుభవం. వాటి ఆకారం, లోహం, సందులు, ఏ ఇంజిన్‌కి సరిపోతుంది అన్నవి ఒకచోట చేర్చాలి. తయారీదారు హక్కులున్న చోట అనుమతి అడగాలి, దొంగతనం చేయకూడదు. చాలా పాత యంత్రాల తయారీదారులే ఇప్పుడు లేరు, వాటికి ఆ చిక్కు లేదు. పహాడ్‌గావ్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది, డాలీగంజ్‌లో ఐ.టి.ఐ. ఉంది. చివరి సంవత్సరం విద్యార్థి ప్రాజెక్టు పేరుతో ఎక్కడో దొరికిన బొమ్మని మళ్లీ గీసే బదులు, రేవుకి వెళ్లి ఒక్క భాగాన్ని గీస్తే చాలు. పదేళ్లకి ఆ ఖజానా నిండుతుంది. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు లేదనే మాట కూడా ఇప్పుడు చెల్లదు. ఫ్రీక్యాడ్ అని ఉంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2024 నవంబరులో దాని 1.0 రూపం వచ్చింది. ఇంకా లోతుగా నేర్చుకోవాలనే పిల్లలకి హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ ఉంది, టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ, 1968 నుంచి నడుస్తోంది. మన దీవుల్లో వందలో పదమూడు మంది దాకా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లమే. ఆ వందల భాగాల్లో మన వాటా గీతలు మనం గీయాలి.

పడవ యజమానులకీ, మెకానిక్కులకీ ఒక విన్నపంతో ఆపుతాను. ఖజానా ఎప్పుడు వస్తుందో అని ఎదురుచూడకండి. ఈసారి మీకు కొత్త ఇంపెల్లర్ ఓడలో వచ్చినప్పుడు, కొత్త బుష్ వచ్చినప్పుడు, పెట్టె విప్పగానే బిగించేయకండి. అరగంట ఆగండి. వెర్నియర్ ఉన్నవాణ్ణి పిలవండి, లేదా ఐ.టి.ఐ.లో చదివే మీ ఇంటి కుర్రాణ్ణి పిలవండి. రంధ్రం ఎంత, మెడ ఎంత, రెక్కలు ఎన్ని, ఎత్తు ఎంత, అన్నీ కొలిచి ఒక నోటుబుక్కులో రాయండి. పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపుల నుంచీ ఫోటో తీయండి. ఇంజిన్ పేరూ నంబరూ రాయండి. ఆ భాగం తన అసలు ఆకారంలో మీ చేతిలో ఉండేది ఆ అరగంటే. నీళ్లలో దిగాక మళ్లీ ఎంత జాగ్రత్తగా కొలిచినా మీకు దొరికేది అరుగుదలే.